పల్లె కాస్తా వల్లె అయిన రాత్రి

నేనేం పని చేస్తానో మా బంధువులకి ఇప్పటికీ అంతుపట్టదు. "కంప్యూటర్‌లో అక్షరాలు గీస్తాడంట" అని మా పెద్దత్త ఎవరికైనా చెప్తే, "అక్షరాలు దాంట్లో ముందే ఉంటాయి గదా, మళ్లీ గీసేదేంది?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. తెలుగు ఫాంట్లు గీస్తాను. సినిమా టైటిళ్లు, పుస్తకాల అట్టల మీద పేర్లు రాస్తాను. హైదరాబాద్‌లో ఈ పని మీదే ఇల్లు గడుస్తోంది.

ఈ మధ్య బొమ్మలు నేర్చుకునే పిల్లలు కొందరు పిలిచి మాట్లాడమన్నారు. "మీకు చిన్నప్పట్నించీ అక్షరాలంటే పిచ్చా సార్?" అని ఒకమ్మాయి అడిగింది. లేదమ్మా, నాకు చిరంజీవి మొహం గీయడం పిచ్చి అన్నాను. అందరూ నవ్వారు, మాట వేరే దారి పట్టింది. అక్షరాల్లోకి ఎలా వచ్చిపడ్డానో చెప్పనే లేదు. తీరిగ్గా ఇక్కడ రాస్తున్నా.

మాది కందుకూరు. ఏ జిల్లా అంటే కొంచెం కథ చెప్పాలి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పాటు చేసినప్పుడు మమ్మల్ని నెల్లూరు నుంచి తీసి అందులో కలిపారు. రెండేళ్లకి దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. 2022లో మళ్లీ నెల్లూరులోకి తెచ్చారు. మా నాన్న పుట్టింది నెల్లూరు జిల్లాలో, నేను పుట్టింది ప్రకాశం జిల్లాలో, ఇద్దరం పుట్టింది మాత్రం అదే ఇంట్లో. పాత రోజుల్లో అయితే జిల్లా మారిందంటే బోర్డులు రాసేవాళ్లకి పండగే. ఆఫీసు బోర్డులు, బడి గోడలు, కొట్ల మీద అడ్రసులు, అన్నీ తిరగరాయాల్సిందే కదా. 2022 నాటికి ఆ బేరం మొత్తం ఫ్లెక్స్ షాపులకి పోయింది.

నేను తిరిగిన షాపు సినిమా హాలు పక్క సందులో ఉండేది. ఆయన్ని ఊరంతా 'ఆర్టిస్టు' అనేవాళ్లు, మా ఈడు వాళ్లం 'ఆర్టిస్టన్న' అనేవాళ్లం. లోపలికి పోతే ఎనామిల్ పెయింటు, టర్పెంటైను వాసన ముక్కు బద్దలయ్యేది. నాకది అగరుబత్తి వాసనకన్నా బాగుండేది. బడి వదలగానే పోయి గడప మీద కూర్చునేవాణ్ణి. నా ఆశంతా బ్యానర్ల మీద. హీరో మొహానికి ఒక పక్క నీలం, ఒక పక్క ఎరుపు కొట్టి, కంట్లో తెల్లచుక్క పెట్టగానే మనిషి లేచి వచ్చినట్టుండేది. ఆ తెల్లచుక్క ఎప్పటికైనా నా చేత పెట్టిస్తాడని ఎదురుచూపు. కానీ బ్యానర్ పని వచ్చేది ఎప్పుడో ఒకప్పుడు. మిగతా రోజులన్నీ ఎరువుల కొట్టు బోర్డులు, పొగాకు గోడౌన్ల మీద నంబర్లు, ట్రాక్టర్ ట్రాలీల వెనక దేవుడి పేర్లు. మలకొండ స్వామి పేరు ఆయన ఎన్ని ట్రాలీల మీద రాశాడో ఆ స్వామికే తెలియాలి. అది రాసేటప్పుడు నేను చూసేవాణ్ణి కూడా కాదు. రాత పని అంటే నా దృష్టిలో కూలి పని.

1992 వేసవి. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. ఆర్టిస్టన్న దగ్గర ఉండే హెల్పర్‌కి ఆటలమ్మ పోసింది. సరిగ్గా అప్పుడే నెల్లూరు జిల్లా వైపు పల్లెల్లో గోడ రాతల పని ఒప్పుకుని ఉన్నాడాయన. "ఒరే, ఊరికే కూర్చుని నా పెయింటు వాసన పీలుస్తావు గదా, వచ్చి లైటన్నా పట్టుకో" అన్నాడు. మా అమ్మ ఒప్పుకోలేదు. నాన్నే, ఇంట్లో ఉండి చేసేదేముంది, పోనీ అన్నాడు. నేనేమో ఆ దారిలో ఏదో ఒక ఊళ్లో బ్యానర్ తగలకపోతుందా అని బయల్దేరాను. లింగసముద్రం దాటి కలిగిరి వైపు, మోపెడ్ మీద, నా ఒళ్లో రంగు డబ్బాలు.

అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఏం జరుగుతుండేదో ఇప్పటి పిల్లలకి చెప్తే కథలా వింటారు. అంతకుముందు ఏడాది సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. ఊరూరా రాత్రి బళ్లు, లాంతర్ల కింద పలకలు, వీధుల్లో కళాజాతాలు. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు, వంటలు ముగించి, చంకలో పిల్లల్ని ఎత్తుకుని వచ్చి అక్షరాలు దిద్దేవాళ్లు. వాళ్ల వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉండేది. మొగుడి సారా తాగుడికి బలైపోయిన ఆడమనిషి కథ. ఆ పాఠం చదివి, ఇది మన కథే గదా అని మాట్లాడుకుని, కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లోకి సారా రానివ్వకుండా నిలబడ్డారు. దూబగుంట రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. ఆ సెగ ఊరి నుంచి ఊరికి పాకి, చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం తెప్పించింది. దూబగుంట గోడల మీద నేనే రాశానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, మేం ఆ ఊరికి పోలేదు. మాకు అప్పగించినవి చుట్టుపక్కల చిన్న చిన్న పల్లెలు.

గోడ రాత ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. మధ్యాహ్నం గోడకి సున్నం కొట్టాలి. ఎండలో గోడ పెనంలా కాలుతుంటుంది కాబట్టి అప్పుడు రాస్తే కుంచె పట్టుకుపోతుంది, రంగు పొరలు పొరలుగా లేస్తుంది. అందుకని పొద్దుగూకిన తర్వాత రాత. కావిరంగు, నీలం, రెండే రంగులు. వజ్రం అనే జిగురు నానబెట్టి కాచి అందులో కలపాలి, లేకపోతే తెల్లారి గోడకి ఆనుకున్నవాడి చొక్కా ఎర్రగా అవుతుంది. దారానికి నీలం పూసి, ఇద్దరం చెరోకొస పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే గోడ మీద టప్‌మని గీత పడుతుంది. మామూలుగా అందరూ రెండు గీతలు కొట్టి మధ్యలో రాసేస్తారు. ఆర్టిస్టన్న నాలుగు కొట్టించేవాడు. పైన గుడికి, దీర్ఘానికి కొంత చోటు, తలకట్టుకి ఒక గీత, అక్షరం ఒళ్లు, కింద ఒత్తులకి మళ్లీ చోటు. ఒత్తుకి చోటు వదలనివాడి గోడ చూడగానే తెలిసిపోతుంది. కింది లైను గుళ్లు పై లైను ఒత్తుల్లోకి పొడుచుకుంటూ ఉంటాయి. ఈ నాలుగు గీతల లెక్క తర్వాత నాకు కంప్యూటర్‌లో ఎవరూ నేర్పాల్సిన అవసరం రాలేదు.

ఆయన అవుట్‌లైన్ గీసుకుంటూ పోయేవాడు. నేను ఒక చేత్తో పెట్రోమాక్స్ లైటు పట్టుకుని, ఇంకో చేత్తో లోపల రంగు నింపేవాణ్ణి. లైటు చుట్టూ పురుగులు. కావిరంగులో పడిన పురుగుని వేలితో తీయడం కూడా నా డ్యూటీయే.

ఆ రోజు ఊరి పేరు గుర్తులేదు. రామాలయం పక్క గోడ. రాయాల్సిన మాట 'పల్లె పల్లెకూ చదువు'. సున్నం ఆలస్యంగా కొట్టారు, గోడ ఇంకా చెమ్మగానే ఉంది. ఆరిందాకా ఆగుదామంటే తెల్లారి ఇంకో ఊరు పోవాలి. కానిచ్చేశాం. రాత్రి బడి వదిలారు. పలకలు పట్టుకుని ఆడవాళ్లు మా వెనక నిలబడ్డారు. వాళ్లలో ఒకామె, మా అమ్మకంటే నాలుగేళ్లు పెద్దదేమో, ముందుకొచ్చింది. వేలు గాల్లోకెత్తి, ఒక్కో అక్షరాన్నీ తాకుతున్నట్టు చదవడం మొదలుపెట్టింది.

"వ... ల్లె... వల్లె. వల్లె... కూ... చ... దు... వు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చదువు చెప్పే కుర్రాడు, డిగ్రీ ఫెయిలైనవాడనుకుంటా, "అది 'ప' అత్తా, పల్లె" అన్నాడు.

"యాడుంది ప?" అందామె. కోపం కాదు, నిజంగానే వెతుకుతోంది. చంకలో పలక తీసి, బలపంతో రెండక్షరాలు పక్కపక్కన రాసింది. ప, వ. పలక ఆ కుర్రాడి మొహం ముందు పెట్టి, "ప అయితే నెత్తిన గీత ఎడంగా ఉంటాదని నువ్వే గదా నేర్పిచ్చినావు. ఈడ చూడు, అంటుకోనుండాది. అంటుకుంటే వ గాదా? మళ్లా నన్నంటావేంది?"

లైటు దగ్గరగా పెట్టి చూశాను. చెమ్మ గోడ మీద తలకట్టు నుంచి కావిరంగు సన్నగా కిందికి దిగి, ప నెత్తి మీద ఉండాల్సిన సందుని పూడ్చేసింది. నేను కళ్లముందే ఉన్నా గమనించలేదు, ఎందుకంటే నేను దాన్ని చదవడం లేదు. 'పల్లె' అని నాకు ముందే తెలుసు. ఆర్టిస్టన్నకీ తెలుసు, ఆ కుర్రాడికీ తెలుసు. ఆ గోడని నిజంగా చదివింది ఆమె ఒక్కతే.

ఆర్టిస్టన్న నిచ్చెన దిగాడు. మామూలుగా ఎవరన్నా వంక పెడితే ఊరుకునే రకం కాదు. ఎరువుల కొట్టు సేటుతో ఒక కొమ్ము కోసం రోజంతా పోట్లాడిన మనిషి. అలాంటివాడు ఏమీ మాట్లాడకుండా తడి గుడ్డ చూపుడువేలికి చుట్టుకుని, ఆ సందులో కారిన రంగుని తుడిచి, సున్నం చుక్క పెట్టి తెల్లగా చేశాడు. రెండో 'పల్లె'కీ అలాగే చేసి, "ఇప్పుడు చదువమ్మా" అన్నాడు. ఆమె మళ్లీ మొదట్నుంచి వేలెత్తి చదివింది. "పల్లె... పల్లెకూ చదువు." చదివి, "ఆ, ఇప్పుడు సరిగ్గా ఉండాది" అని మాస్టరులా తల ఊపి ఇంటికి పోయింది. మాకు మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు. మేం రాసింది దిద్దడానికే వచ్చినట్టు వచ్చి పోయింది.

ఆ రాత్రి బడి వరండాలో పడుకున్నప్పుడు ఆయన నాకు పెద్ద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. "రేపట్నించి ప, ష, స, హ, వీటి నెత్తులన్నీ నీ పూచీ" అని అటు తిరిగి గురక పెట్టాడు. అంతే. ఆ వేసవి మిగిలిన రోజులంతా నేను చేసిన పని అదే. గోడ మొత్తం రాశాక లైటు పట్టుకుని ఒక కొస నుంచి ఇంకో కొస దాకా సందులు చూసుకుంటూ నడవడం. 'సారా మానండి' రాసినప్పుడు స నెత్తి. 'హక్కు' రాసినప్పుడు హ నెత్తి. థ లోపల చుక్క ఉందా, మాయమైందా. కొన్ని ఊళ్లలో తెల్లారేసరికి సారా రాతల మీద పేడ కొట్టి ఉండేది. ఎవరు కొట్టారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. మళ్లీ సున్నం, మళ్లీ దారం. అప్పటికి బ్యానర్ సంగతి నేను మర్చిపోయాను. ఎప్పుడు మర్చిపోయానో కూడా గుర్తులేదు. కందుకూరు తిరిగొచ్చాక ఒక సినిమా బ్యానర్ వచ్చింది, కంట్లో తెల్లచుక్క పెట్టమని కుంచె నా చేతికే ఇచ్చాడు. పెట్టాను. బాగానే వచ్చింది. కానీ కిందికి దిగి చూస్తే నా కళ్లు హీరో మొహం మీద కాకుండా టైటిల్ మీదికి పోయాయి.

మా వైపు ఇలాంటి మాట ఎత్తితే అందరూ బాలుగారి కథే చెప్తారు. ఇంజనీరు కావాలని అనంతపురంలో చేరడం, టైఫాయిడ్ వచ్చి ఆ చదువు ఆగిపోవడం, మద్రాసులో ఇంకో కోర్సు చదువుతూ 1964లో పాటల పోటీలో పాడటం, జడ్జిల్లో ఒకరైన కోదండపాణి గారు 1966లో సినిమాలో పాడించడం. ఎన్నిసార్లు విన్నా బాగుంటుంది. కాకపోతే ఇలాంటి కథల్లో ఎప్పుడూ ఒక పెద్దాయన ఉండి, కుర్రవాడిలో ఏదో ఉందని కనిపెడతాడు. నా విషయంలో నాలో ఎవరూ ఏమీ కనిపెట్టలేదు. కనిపెట్టింది నేను నింపిన అక్షరంలో దోషం. ఆమె నా మొహం కూడా చూసి ఉండదు. ఒక్కోసారి ఇలాంటి తారసపాటే నయమనిపిస్తుంది. ఎవరో నన్ను మెచ్చుకుని ఉంటే, ఆ మెప్పు కోసం ఇప్పటికీ బ్యానర్లే గీస్తుండేవాణ్ణేమో, బ్యానర్లు పోయాక రోడ్డున పడేవాణ్ణేమో.

తర్వాతి సంగతులు గబగబా చెప్పేస్తాను. 1997లో గోడలు పాడుచేయకూడదని చట్టం వచ్చింది, ఆ తర్వాత కొన్నేళ్లకి ఫ్లెక్స్ వచ్చి బోర్డుల పని ఊడ్చుకుపోయింది. నేను అప్పటికే హైదరాబాద్ వచ్చి ఒక డీటీపీ సెంటర్‌లో చేరాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, అప్పట్లో డీటీపీకి వాడే 'అను' ఫాంట్లు. అన్ని కంప్యూటర్లలో అక్షరాలకి ఒకే కోడ్ ఉండే యూనికోడ్ పద్ధతి వచ్చాక, దేశికాచారి గారు చేసి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు చూసి, ఒక్క మనిషి కూర్చుని ఇదంతా చేయొచ్చా అని ఆశ్చర్యపోయాను. వాటిని విప్పి చూస్తూనే సగం నేర్చుకున్నాను. బాపుగారి చేతిరాత ఫాంటుగా మారి శుభలేఖలన్నీ దాంతోనే నిండిపోయిన రోజులవి. అందరూ అలాంటి ఒంపులు అడిగేవాళ్లు. నేను నేర్చుకున్న రాత అలాంటిది కాదు.

ఒకసారి ఒక పత్రిక కోసం చిన్న సైజు అక్షరాలు గీస్తున్నాను. కంప్యూటర్ తెర మీద అద్దంలా ఉన్నాయి. న్యూస్‌ప్రింట్ మీద అచ్చు వేసి చూస్తే సిరా పీల్చుకుని, ప నెత్తి మీద సందు పూడుకుపోయింది. భూతద్దం పెట్టి చూస్తూ, నాకు తెలియకుండానే "అంటుకోనుండాది" అన్నాను. పక్కనున్న ప్రెస్ అబ్బాయికి ఏమీ అర్థంకాలేదు. చెమ్మ గోడ మీద కారిన కావిరంగూ, న్యూస్‌ప్రింట్ పీల్చిన సిరా చేసే పని ఒకటే. చవక ఫోన్లో చిన్న అక్షరాలదీ అదే కథ. సందుకి చాలినన్ని పిక్సెళ్లు దొరక్క ప, వ ఒకేలా కనిపిస్తాయి. చదువుకున్నవాళ్లకి తెలియదు, ఎందుకంటే వాళ్లు మాట మొత్తం ఒక్క చూపులో పట్టేసి ఊహించుకుంటారు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఊహించలేరు. వాళ్లకి ప్రతి అక్షరం దాని కాళ్ల మీద అది నిలబడాలి.

అందుకే నా ఫాంట్లలో ప, ష, స, హ తలకట్టు మామూలుకన్నా కాస్త ఎత్తుగా, ఎడంగా ఉంటుంది. తోటి డిజైనర్లు కొందరు టోపీ ఎగిరిపోతున్నట్టుంది అని వెక్కిరిస్తారు. పెద్ద సైజులో చూస్తే వాళ్లన్నదాంట్లో నిజముంది, అందం కొంచెం తగ్గుతుంది. అందుకని టైటిళ్లకి వేరే, చదివే అక్షరాలకి వేరే గీస్తున్నాను. సినిమావాళ్లు మాత్రం వినరు. పోయిన నెలే ఒక దర్శకుడు, తలకట్టు బండగా ఉండి అక్షరం మీద కూర్చోవాలన్నాడు. అలా కూర్చుంటే ఇంకో అక్షరం అవుతుందండీ అంటే, "మన ఆడియన్స్‌కి అర్థమైపోతుంది సార్" అన్నాడు. రెండు రకాలూ పంపాను. ఆయన బండదే తీసుకున్నాడు, డబ్బులు కూడా టైముకే ఇచ్చాడు.

ఆ మధ్య అద్దంకి శాసనం అచ్చుప్రతి ఒకటి సంపాదించి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. క్రీ.శ. 848 నాటిదంటారు, తెలుగు పద్యం కనిపించే తొలి శాసనం. అందులో మా కందుకూరు పేరు కూడా ఉంది. అప్పటి లిపి ఇప్పుడు మనకి చదవడానికి రాదు. పక్కన ఇప్పటి తెలుగులో ఇచ్చిన పాఠం పెట్టుకుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరం పోల్చుకుంటూ మా ఊరి పేరు ఎక్కడుందో వెతుక్కున్నాను. మా అబ్బాయి చూసి, "ఏంది నాన్నా, ఒకటో క్లాసు పిల్లాడిలాగా" అని నవ్వాడు.

ఇప్పుడు గీస్తున్న ఫాంటు చదివే అక్షరాలకే. ఫోన్లలో, బడి పుస్తకాల్లో వాడుకోవడానికి ఉచితంగా ఇచ్చేద్దామని ఉంది. గుణింతాలు అయిపోయాయి, ఒత్తుల పని నడుస్తోంది. 'ష్ట్ర' ఇంకా సతాయిస్తోంది. ఈ ఫాంటుని పరీక్షించడానికి ఒక కాగితం తయారుచేశాను. పంట, వంట. పాడు, వాడు. పేరు, వేరు. పాత, వాత. పల్లె, వల్లె. ఇలాంటి జంటలు పేజీ నిండా ఉంటాయి, పక్కపక్కన కాకుండా కలిపేసి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య ఈ మధ్యే కూతురి దగ్గర చదవడం నేర్చుకుంటోంది. ఆమె చేత ఒకసారి చదివించాను. 'వేరు' దగ్గర ఆగింది. ఆ వే మళ్లీ గీశాను.

నాకు ఇంకా అలాంటివాళ్లు కావాలి. మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ, పెద్దవయసులో అక్షరాలు నేర్చుకుంటున్నవాళ్లు ఉంటే చెప్పండి, ఆ కాగితం పంపిస్తాను. బిగ్గరగా చదివించండి. మీరు మధ్యలో అందించొద్దు. ఎక్కడ ఆగారో, దేన్ని ఏమని చదివారో అక్కడ పెన్సిల్‌తో గీసి, ఒక ఫొటో తీసి పంపితే చాలు.